“తెలుగు వస్తే చాలు” అన్నాను: బరంపురంలో ఒక సారు కుటుంబం కేసు

విద్యాసంస్థల్లో కొత్తగా చేరినవాళ్ళకు ఊళ్ళో ఇల్లూ వాకిలీ కుదిరేదాకా వెంట ఉండడం నా పని. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళు ఫైళ్ళు చూసి బయటికి వచ్చాక, ఎవరు పిలిస్తే వాళ్ళకి ఇదే చేసిపెడుతున్నాను. పుట్టిందీ పెరిగిందీ ఒడిశాలోని ఈ బరంపురంలోనే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఇంతవరకు చూసిన కుటుంబాల్లో ఈ ఒక్కదాని గురించే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో మొదటి పొరపాటు నాది. వాళ్ళ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. సంస్థ పేరుతో మనకు పని లేదు.

2024 జూలైలో వరంగల్ నుంచి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చి చేరారు. వయసు 37. సారు అనే పిలుద్దాం. భార్య బీఎడ్ చేసిన లెక్కల టీచరు, అక్కడ ప్రైవేటు బళ్ళో ఎనిమిదేళ్ళు పాఠం చెప్పారు. నాలుగో తరగతి చదివే పాప. సారు తల్లి, 66 ఏళ్ళు, బీపీ, షుగర్. జూలై, ఆగస్టు సారు ఒక్కరే గెస్ట్‌హౌస్‌లో గడిపారు. సెప్టెంబరులో మిగతా ముగ్గురూ కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దిగారు.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. రిలీవింగ్ ఆర్డరు, ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్), సర్వీసు బుక్కు, పీఆర్‌ఏఎన్ (పెన్షన్ ఖాతా) నంబరు, మెడికల్ ఫిట్‌నెస్ అన్నీ పదిహేను రోజుల్లో తేలిపోయాయి. రెండు సంగతులు మాత్రం అందరికీ పనికొస్తాయి.

ఒకటి హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె భత్యం. కేంద్ర ప్రభుత్వ లెక్కలో వరంగల్ వై తరగతి నగరం. ఒడిశాలో ఆ హోదా భువనేశ్వర్, కటక్, రూర్కెలాలకే ఉంది. బరంపురం దాని కింది జడ్ తరగతి. 2024 జనవరి నుంచి డీఏ (కరవు భత్యం) 50 శాతానికి చేరడంతో వై ఊళ్ళకు బేసిక్ మీద 20 శాతం, జడ్ ఊళ్ళకు 10 శాతం అయింది. అంటే అదే బేసిక్ మీద ఇంటద్దె భత్యం సగానికి సగం పడిపోతుంది. ఈ ముక్క మొదటి జీతం స్లిప్ చేతికొచ్చాక తెలిస్తే మొగుడూ పెళ్ళాల మధ్య అనవసరపు గొడవ. ముందే చెప్పాను. నేను సరిగ్గా చేసింది ఆ ఒక్కటే అనుకుంటాను.

రెండోది లీన్. సారు పాత సంస్థకు టెక్నికల్ రిజిగ్నేషన్ (కొత్త ఉద్యోగం కోసం అనుమతితో చేసే రాజీనామా) ఇచ్చి వచ్చారు కాబట్టి పాత పోస్టు మీద హక్కు మామూలుగా రెండేళ్ళు ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి పోవచ్చు. మంచి సదుపాయమే, కాదనను. కానీ లీన్ ఉన్న ఇంట్లో అట్టపెట్టెలు విప్పరు. వీళ్ళ ఇంట్లో కూడా లోపలి గదిలో పదకొండు పెట్టెలు టేపు ఊడదీయకుండా ఉండిపోయాయి. గ్యాస్ కనెక్షన్ మార్చుకోకుండా ఇండక్షన్ పొయ్యి మీద నెట్టుకొచ్చారు. ఆధార్‌లో అడ్రసు అక్కడిదే, బండి నంబరు టీఎస్ 03.

ఇక నా పొరపాటు. చేరిన రోజే సారు అడిగారు: “మా అమ్మకు తెలుగు తప్ప ఇంకోటి రాదు సార్. ఇక్కడ ఎట్లా?” నేను నవ్వేసి, “ఇది బరంపురమండి. తెలుగు వస్తే చాలు, టెన్షన్ పడకండి” అన్నాను.

అబద్ధమేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వి.వి. గిరి పుట్టిందీ, ఖల్లికోట కాలేజీలో చదివిందీ ఈ ఊళ్ళోనే. బడాబజారులో సగం బేరాలు ఇవాళ్టికీ తెలుగులోనే సాగుతాయి. అద్దె ఇళ్ళ బ్రోకర్లు, ఆటోవాళ్ళు, పట్టుచీరల కొట్లవాళ్ళు ఏ భాషలో మొదలుపెడితే ఆ భాషలోకి దిగుతారు. పాతిక కిలోమీటర్లు పోతే ఇచ్ఛాపురం, అక్కడితో ఆంధ్ర మొదలు.

ఆ ధీమాతోనే ఇల్లు కూడా చూశాను. క్యాంపస్ దారిలో రకరకాల రాష్ట్రాలవాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్ ఒకటి, ఊరి నడిమధ్య గాంధీనగర్ వైపు ఒక మేడ మీద వాటా ఒకటి చేతిలో ఉన్నాయి. రెండోదానిలో ఇంటావిడ కింద ఉంటుంది. రిటైరైన టీచరమ్మ, ఒడియా ఆవిడే గాని తెలుగు గడగడా మాట్లాడుతుంది. “పెద్దావిడకి తోడు” అని అదే ఖాయం చేయించాను. సారుకి రోజూ క్యాంపస్‌కి పోనూ రానూ అవస్థే, అయినా ఒప్పుకున్నారు.

మొదటి నెలలో అంతా బాగానే ఉందనిపించింది. కింద నుంచి ఇంటావిడ, “ఏటమ్మా, మీ గుంట బడికి ఎల్లిపోనాదా?” అని పలకరించేది. పైనుంచి పెద్దావిడ “పోయింది వదినా, ఇప్పుడే పోయింది” అనేది. ఒకరి తెలుగు ఇంకొకరికి సగం తెలియకపోయినా ఇద్దరికీ హాయిగానే ఉండేది. కూరల బండి దగ్గర పెద్దావిడ గోకరకాయ అడిగితే బండివాడు తెల్లమొహం వేశాడట. గోరుచిక్కుడు అని వేలు పెట్టి చూపించాక నవ్వుకున్నారు. ఇలాంటివి వింటూ నేను ఫైలు మూసేశాను. ఇంటికి వెళ్ళి కూర్చుని అడగలేదు.

అసలు ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. పాప చేరిన సీబీఎస్‌ఈ బళ్ళో ఒడియా ఒక సబ్జెక్టు. మిగతా పిల్లలకి అప్పటికే గుణింతాలు అయిపోయాయి. మొదటి పరీక్షలో 40కి 6 వచ్చాయి. పాప ఆ పేపరు అమ్మకి చూపించకుండా సంచీ అడుగున మడిచి పెట్టుకుంది. చూపించినా చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

మేడమ్ సంగతి ఇంకో రకం. ఉద్యోగం వెతుక్కుందామని బయల్దేరితే, ఒడిశా ప్రభుత్వ బళ్ళలో ఒడియా చదవడం రాయడం రావాలి, బడి స్థాయిలో ఒడియా పాసైన కాగితం కావాలి. ప్రైవేటు వాళ్ళు లెక్కలకి అది అడగరు గాని, తల్లిదండ్రులతో మీటింగు పెడితే ఎలా మాట్లాడతారని అడిగారు. రెండు ఇంటర్వ్యూల తర్వాత ఆమె వెళ్ళడం మానేసింది. ఆ మాట సారుకి కూడా చెప్పలేదు.

సారు పాఠం ఇంగ్లీషులో చెబుతారు, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నాలుగింటికి టీ దగ్గర. ఒకరోజు ల్యాబ్ అటెండెంటూ ఇంకో ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ రెండు మూడు సార్లు “తెలింగి” అని నవ్వారు. ఒడియాలో తెలుగువాళ్ళని అనే మాట అది. తన మీదే నవ్వుతున్నారనుకుని సారు కప్పు అక్కడే పెట్టి లేచి వచ్చేశారు. ఆ రోజు నుంచి టీ గదిలోకి పోలేదు. తర్వాత నేను ఆరా తీస్తే, అటెండెంటు కూతురి పెళ్ళి కుదిరింది, ఊరేగింపుకి తెలింగి బాజా పెట్టాలా, డీజే పెట్టాలా అని వాళ్ళ తర్జనభర్జన. తెలింగి బాజా అంటే గంజాంలో పెళ్ళిళ్ళకీ యాత్రలకీ వాయించే మేళం. మూడు నెలలపాటు ఒక మనిషి ఒక మేళం పేరు విని ముడుచుకుపోయాడు.

కార్తీకం దగ్గర ఇది పగిలింది. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఒడియావాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో. చిన్నప్పటి నుంచీ రెండూ చూస్తూ పెరిగినవాణ్ణి కనక నాకు ఇది చెప్పాల్సిన విషయంగా ఎప్పుడూ తోచలేదు. ఆశ్వయుజ పున్నమిని వాళ్ళు కుమార పూర్ణిమ అంటారు. ఆ మర్నాటి నుంచే వాళ్ళకి కార్తీకం. ఇళ్ళలో నీచు బంద్. పెద్దవాళ్ళు హబిసొ అని ఒంటిపూట తింటారు. మనకి దీపావళి వెళ్ళాక గాని కార్తీకం రాదు. అంటే వాళ్ళు మొదలుపెట్టిన పదిహేను రోజులకు మనం మొదలుపెడతాం.

2024 అక్టోబరు 20, ఆదివారం. కార్తీకం వస్తే నెల రోజులు ముట్టం కదా అని పెద్దావిడ గోపాల్‌పూర్ చేప తెప్పించి పులుసు పెట్టింది. కొర్రమట్ట దొరకలేదని సణుక్కుంటూనే పెట్టిందట. వాసన మెట్లు దిగి కింది పూజ గదికి పోయింది. ఇంటావిడకు వ్రతం మొదలై అప్పటికి మూడు నాలుగు రోజులు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి పలకరింపు ఆగిపోయింది, అంతే. తెలుగు వచ్చిన మనిషి, మన పద్ధతులు తెలిసిన మనిషి, కావాలనే మాట్లాడడం లేదని వీళ్ళనుకున్నారు. తెలుగువాళ్ళై ఉండి, దేవుడంటే భయంలేదా అని ఆవిడ అనుకుంది.

ఆ వారమే దానా తుపాను కబురు వచ్చింది. 23 నుంచి మూడు రోజులు గంజాంలోనూ బళ్ళు మూసేశారు. చివరికి 24 అర్ధరాత్రి దాటాక అది పైన భితర్‌కనికా, ధామ్రా మధ్య తీరం దాటింది. మాకు వాన తప్ప ఏమీ లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిన రాత్రి చూసినవాళ్ళం కనక మేం నిద్రపోయాం. వరంగల్‌వాళ్ళకి సముద్రపు గాలి అంటే టీవీలో చూసిందే. నలుగురూ ఒకే గదిలో, ఫోను వెలుతురులో తెల్లవార్లూ కూర్చున్నారు. కింద నుంచి ఇంటావిడ ఒక్కసారి తలుపు తట్టి “భయపడకండి” అంటుందేమోనని చూశానని మేడమ్ నాతో అన్నది. తట్టలేదు.

నవంబరు 15 కార్తీక పున్నమి. ఆ మర్నాడు ఒడియా ఇళ్ళలో ఛాడొఖాయి. నెల్లాళ్ళ ఉపవాసాలు వదిలి మాంసం, చేప తినే రోజు. మటన్ కొట్ల ముందు పొద్దున్నే లైన్లు ఉంటాయి. కోపం ఎన్నాళ్ళు మోస్తాం అనుకుందో ఏమో, ఇంటావిడ స్టీలు గిన్నెలో మటన్ కూర పోసి, మూత పెట్టి, మనవడి చేత పైకి పంపింది. మన లెక్కలో అది కార్తీక బహుళ పాడ్యమి. కార్తీకం ముగిసి పోలి స్వర్గానికి వెళ్ళేదాకా ఇంకా పదిహేను రోజులుంది. పెద్దావిడ మూత తీసి చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “ఏందిది, కార్తీకంల మాంసం పంపుడేంది?” అని గిన్నె అలాగే వెనక్కి పంపేసింది. పిల్లవాడు అదే మాట ఒడియాలో నాయనమ్మకి అప్పజెప్పాడు.

నవంబరు 18, సోమవారం నాకు రెండు ఫోన్లు. పొద్దున ఇంటావిడ: “నీవు పెట్టిన అద్దెవాళ్ళకి వేరే ఇల్లు చూసుకోమను.” మధ్యాహ్నం సారు: “లీన్ మీద వెనక్కి పోవాలంటే అర్జీ ఎవరి పేర రాయాలి సార్?”

ఆ సాయంత్రం వెళ్ళి ఐదుగురితో విడివిడిగా కూర్చున్నాను. సెప్టెంబరులోనే చేయాల్సిన పని. పైన చెప్పిన పరీక్ష పేపరు, ఇంటర్వ్యూలు, తెలింగి బాజా అన్నీ అప్పుడే బయటపడ్డాయి. తర్వాత మా ఇంటి గోడకున్న ఒడియా పంచాంగం పాంజినీ, తెలుగు క్యాలెండరునీ తీసుకెళ్ళి ఇంటావిడ వరండాలో పక్కపక్కన పరిచాను. పెద్దావిడకు కళ్ళజోడు ఇచ్చి తేదీ మీద తేదీ చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. “అంటే ఆ దినం మీకు పట్టింపు ఉండెనా?” అని అడిగింది. ఇంటావిడ తల ఊపింది. “మరి చెప్పొద్దా వదినా” అంది పెద్దావిడ. “నీకు తెలీదని నాకేటి తెల్సు” అంది ఇంటావిడ.

అప్పుడు నాకు అర్థమైంది ఇది. వీళ్ళు బీహార్ నుంచో కేరళ నుంచో వచ్చి ఉంటే, భాష రాదు కనక ప్రతిదీ అడిగి తెలుసుకునేవాళ్ళు. మనూరు కాదు, మనవాళ్ళు కాదు అన్న జాగ్రత్త ఉండేది. తెలుగు చెల్లుబాటు కావడంతో ఈ ఊరు వరంగల్‌కి పొడిగింపు అనుకున్నారు. పాల పాకెట్టుకీ కూరగాయలకీ తెలుగు సరిపోయింది. బడికీ, ఉద్యోగానికీ, టీ గదికీ, కింది వాటాలోని పూజ గదికీ సరిపోలేదు. ఒడియా నేర్చుకోవాల్సిన అవసరాన్ని వాళ్ళ కళ్ళ ముందు నుంచి తీసేసింది నా మాటే.

అర్జీ రాయడం రాయండి, మార్చి దాకా చేతిలో ఉంచుకోండి అన్నాను సారుతో. ఈలోపు చేసినవి పెద్ద పనులేం కావు.

ఇంటావిడ మనవడు పదో తరగతి, లెక్కల్లో బొటాబొటి. మేడమ్ వాడికి లెక్కలు చెప్పాలి, ఇంటావిడ మేడమ్‌కీ పాపకీ ఒడియా అక్షరాలు దిద్దించాలి, డబ్బు ఊసు లేదు అని ఒప్పందం కుదిర్చాను. రోజూ సాయంత్రం కింది వరండాలో. తెలుగువాళ్ళకి ఒడియా త్వరగానే పట్టుబడుతుంది, కొత్తగా వచ్చేవాళ్ళకి ధైర్యం కోసం చెబుతున్నాను. అక్షరాలు మనలాగే గుండ్రం. ణ, ళ రెండూ ఉన్నాయి. హిందీలా మాట చివర అచ్చు మింగెయ్యరు, మనలాగే పలుకుతారు. ఒక్క కిటుకు, మన ‘అ’ వాళ్ళ నోట్లో ‘ఒ’ వైపు తిరుగుతుంది. జల అని రాసి జొళొ అంటారు, ఘర అని రాసి ఘొరొ అంటారు. పాప ఇది పట్టుకుని ఇంట్లో అందరి పేర్లూ అలా పలికి నవ్వించేదట. మేడమ్ మాత్రం ‘ఇ’కారం గుడి దగ్గర వారం రోజులు తంటాలు పడింది.

సారుకి రెండు వాక్యాలు కాగితం మీద రాసిచ్చాను. ముఁ బుఝిపారుని, నాకు అర్థం కావడం లేదు. టికే ధీరే కుహొంతు, కాస్త నెమ్మదిగా చెప్పండి. టీ గదికి మళ్ళీ వెళ్ళాలి, ఈ రెండూ రోజుకి ఐదుసార్లన్నా వాడాలి, ఎదుటివాడు తెలుగులోకి దిగినా తను ఒడియాలోనే ఉండాలి. సిగ్గుపడ్డారు, అయినా చేశారు. అటెండెంటు కూతురి పెళ్ళికి నలుగురూ వెళ్ళారు. ఆ మేళం ముందు సారు సెల్ఫీ తీసుకుని నాకు పంపారు.

పెద్దావిడ విషయంలో నా పథకం పారలేదు. రామలింగం చెరువు పార్కులో పొద్దున నడక అలవాటు చేద్దామనుకున్నాను. రెండు రోజులు నడిచి మోకాళ్ళ నొప్పులని మానేసింది. దారి ఆవిడే వెతుక్కుంది. పుట్టిల్లు నేతపనివాళ్ళది. ఒక రోజు దేశీబెహెరా వీధి వైపు మగ్గం చప్పుడు విని లోపలికి వెళ్ళి కూర్చుంది. ఇక్కడి పట్టు నేసే దెరావాళ్ళు తెలుగువాళ్ళే. రెండేళ్ళకోసారి బూఢీ ఠాకురాణి అమ్మవారు దెరావాళ్ళ కులపెద్ద దేశీబెహెరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం, అదే ఈ ఊరి పెద్ద యాత్ర. ఆ కథ విన్నాక, “మరి మనాడబిడ్డే గదా” అని వారానికి రెండుసార్లు గుడికి పోతోంది. బీపీ మాత్రలు కూడా ఆ వీధి చివరి కొట్లోనే కొంటోంది.

కాగితాల్లో ముందు గ్యాస్ మార్పించాను, తర్వాత ఆధార్ అడ్రసు, తర్వాత ఓటు. ఓటు ఊరు మారితే ఫారం 8 నింపాలి, కొత్తగా ఫారం 6 నింపితే రెండు చోట్ల పేరుండి తలనొప్పి. గ్యాస్ బండ వచ్చిన రోజు మేడమ్ పెట్టెలు నాలుగు విప్పింది.

ఇప్పటి పరిస్థితి చెబుతాను. మార్చిలో పాపకి ఒడియాలో 40కి 21. మేడమ్‌కి ఉద్యోగం దొరకలేదు, అది నేను చేయలేకపోయిన పని. వరండా ట్యూషన్‌కి తొమ్మిది మంది పిల్లలొస్తున్నారు, వరంగల్ జీతంలో సగం కూడా రాదు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఆమె మొహం మారుతుంది. 2025 జూన్‌లో ఒడియావాళ్ళ రజ పండగ మూడు రోజులూ పాప కింది పెరట్లో ఉయ్యాల దిగలేదు. అక్టోబరు నెలాఖరులో మొంథా తుపాను ఆంధ్ర తీరం మీదికి వస్తోందనగానే, నేను ఫోను చేసేలోపే పెద్దావిడ బకెట్లు నింపి, కొవ్వొత్తులు తెచ్చి, పవర్‌బ్యాంకు చార్జింగ్‌కి పెట్టించింది. ఈసారి కుమార పూర్ణిమకి నాలుగు రోజుల ముందే చేపల పులుసు కానిచ్చేశారు. ఛాడొఖాయి నాడు ఇంటావిడ గిన్నె పంపలేదు, పోలి పాడ్యమి వెళ్ళాక పంపింది.

లీన్ వదిలేశారా అంటే లేదు. 2026 జూలైతో రెండేళ్ళు. అర్జీ కాగితం సారు బల్ల సొరుగులో ఉంది, చింపలేదు, ఇవ్వలేదు. బండి సంగతి కూడా అంతే. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిప్పితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం. పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెప్పించి, ఇక్కడ టాక్సు కట్టి, ఓడీ 07 వేయించుకోవాలి. ఎన్‌ఓసీ వచ్చింది. టాక్సు ఈ నెల కడతాను, వచ్చే నెల కడతాను అంటున్నారు. మొన్న గాంధీనగర్ వెళ్ళినప్పుడు గేటు పక్కన చూశాను, ఇంకా టీఎస్ 03 తోనే ఉంది.